కార్మికుణ్ణి అడిగి చేస్తే కంపెనీ బాగుపడుతుందా?

లెక్కలసారు: బాగుపడుతుందనే అంటాను. సింగరేణినే చూడండి. తొంభైల్లో సమ్మె మీద సమ్మె, నష్టాల్లో మునిగిన కంపెనీలను చూసే ఖాయిలా పరిశ్రమల బోర్డు దాకా రెండుసార్లు పోయింది. 1998లో గుర్తింపు సంఘానికి, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘానికి, రహస్య బ్యాలెట్ ఎన్నికలు పెట్టారు. తర్వాత లాభాల్లో వాటా వచ్చింది. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలిసింది, పొద్దుకో సంఘం పేరుతో గని ఆగడం తగ్గింది.

ఓసీ_దుమ్ము: సారూ, బొగ్గు పెరిగింది ఓపెన్‌కాస్టులతో, అంటే పైనుంచి తవ్వే గనులతో. చేత్తో బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పోయి డంపర్లు, షావెళ్ల లాంటి పెద్ద యంత్రాలు వచ్చాయి. అది కూడా బ్యాలెట్ పెట్టె ఖాతాలోనేనా?

లెక్కలసారు: సమ్మె అయితే డంపర్ కూడా ఆగుతుంది.

కాజీపేట_జంక్షన్: 2024లో 33 శాతం లాభం పంచారు. ఇంకేం కావాలె?

ఓసీ_దుమ్ము: ఎందులో 33 అన్నా? లాభం 4,701 కోట్లు. పెట్టుబడులకని దాదాపు 2,290 కోట్లు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33. పంచింది 796 కోట్లు. మొత్తం మీద చూస్తే 17 శాతమే.

లెక్కలసారు: కొత్త గనికి డబ్బు ఆకాశం నుంచి పడుతుందా?

మిల్లు_షిఫ్టు: నేను వరంగల్ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో కాంట్రాక్టు మీద చేస్తాను. పేరు వద్దు. గోడకు సలహాల పెట్టె ఉంటుంది. నూలు నిండిన బాబిన్లు తీసే టైంలో ట్రాలీ ఒక్కటే ఉండడంతో రెండో మెషిన్ ఊరికే నిలబడేది. రెండింటికీ తీసే టైం కొంచెం అటూ ఇటూ జరపమని రాసి వేశాను. కొన్నాళ్లకు సూపర్‌వైజర్ పేరు మీద అదే అమలైంది. ప్రొడక్షన్ పెరిగింది, దాంతో మా టార్గెట్ కూడా పెంచారు. ఇక ఎవడు నోరు తెరుస్తాడు?

లెక్కలసారు: అది సూపర్‌వైజర్ తప్పు, పద్ధతి తప్పు కాదు.

ఓసీ_దుమ్ము: ఎప్పుడూ పద్ధతి మంచిదే, మనుషులే చెడ్డోళ్లు! హెచ్‌ఆర్ వాళ్లందరిదీ ఇదే పాట.

లెక్కలసారు: ఆ హెచ్‌ఆర్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది, నోరు జారకండి. వంద మంది ఉన్నచోట ప్రభుత్వం వర్క్స్ కమిటీ, అంటే యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే కమిటీ, వేయించవచ్చని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే రాశారు. నేను నడిపిన కమిటీల్లో క్యాంటీన్ చాయ్, బాత్రూంలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. పెద్ద విషయం వస్తే మీ వాళ్లే లేచి పోయేవారు.

మిల్లు_షిఫ్టు: మా వాళ్లా? మా మిల్లు కమిటీలో అందరూ పర్మినెంటోళ్లే. మెషిన్ల దగ్గర మేము, మీటింగులో వాళ్లు. సింగరేణిలో కూడా కాంట్రాక్టోళ్లకు ఆ 2024లోనే మొదటిసారి తలా 5 వేలు ఇచ్చారు. పర్మినెంటుకు సగటున లక్షా 90 వేలు.

లెక్కలసారు: కాంట్రాక్టు వాళ్లను కమిటీలో కూర్చోబెడితే రేపు పర్మినెంట్ చేయమంటారు. ఆ భయం ప్రతి యాజమాన్యానికీ ఉంటుంది. దాచేదేముంది?

మిల్లు_షిఫ్టు: ఇప్పుడు అసలు మాట వచ్చింది. మరి "కార్మికుణ్ణి అడిగి" అని ఎవరి గురించి మొదలుపెట్టారు?

లెక్కలసారు: పర్మినెంటు వాళ్ల గురించే. నాకు అనుభవం వాళ్లతోనే.

మిల్లు_షిఫ్టు: ప్రొడక్షన్ లెక్కలో మాత్రం మమ్మల్నీ కలుపుతారు కదా సారూ.

కాజీపేట_జంక్షన్: పెద్దాయనను వదిలేయండి ఇక.

ఓసీ_దుమ్ము: వదిలేస్తాం గానీ, 33 శాతమా 17 శాతమా? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.