ఏసీఎల్ సర్జరీ తర్వాత జాగింగ్, షటిల్ ఎప్పుడు?

ప్రశ్న: హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో (తొడ వెనక కండరం నుంచి తీసి అమర్చిన స్నాయువుతో) ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) సర్జరీ అయి 4 నెలలైంది. నడిస్తే నొప్పి లేదు. జాగింగ్ మొదలుపెట్టొచ్చా? షటిల్ ఎప్పుడు ఆడొచ్చు?

జవాబు 1: నెలల లెక్క ఒక్కటే చాలదండీ. మోకాలు రెండో కాలిలా పూర్తిగా చాపగలగాలి, వాపు ఉండకూడదు. వాపు ఇలా చూడండి: కాలు చాపి కూర్చుని, చిప్పకు లోపలి పక్కన అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. తర్వాత బయటి పక్కన పైనుంచి కిందికి ఒకసారి. లోపలి గుంటలో నీరు అలలా ఉబికితే ఇంకా ఆగాల్సిందే. ఒంటికాలిపై కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలు లోపలికి వాలుతున్నా అంతే, ముందు తొడ బలం పెంచుకోండి.

జవాబు 2: ఇవన్నీ బాగుండి, సర్జన్ సరేనంటే: 1 నిమిషం జాగింగ్, 2 నిమిషాల నడక, అలా 6 సార్లు. రోజు విడిచి రోజు, చదునైన నేల మీద. మర్నాడు వాపొస్తే తగ్గేదాకా ఆగి, ముందటి మోతాదుకు వెళ్ళండి.

జవాబు 3: షటిల్‌కు తొందరపడొద్దు, దయచేసి. గ్రాఫ్ట్‌కు రక్తనాళాలు పట్టి లిగమెంట్‌గా మారడానికి చాలా నెలలు పడుతుంది. నొప్పి లేనంత మాత్రాన అది గట్టిపడినట్టు కాదు. కనీసం 9 నెలలు, తొడ బలమూ ఒంటికాలి గెంతు దూరమూ రెండో కాలిలో 90 శాతమన్నా ఉండాలి. మెనిస్కస్‌కు (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థికి) కూడా కుట్లు వేశారా? వేస్తే లోతుగా గొంతుక్కూర్చోవడం సర్జన్‌ని అడిగాకే.