వార్డు ఇన్‌చార్జ్ అయ్యాక రోస్టర్ తలనొప్పులు, సిక్ లీవులు, రిజైన్లు... ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొత్త ఇన్‌చార్జ్:
అందరికీ నమస్తే అండి. ఇదే వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి ఈ మధ్యే ఇన్‌చార్జ్ అయ్యాను. 30 పడకల మెడికల్ వార్డు, రోజూ ఇంచుమించు 24 మంది పేషెంట్లు ఉంటారు. కాగితం మీద నాకు 18 మంది నర్సులు, అందులో ఇద్దరు మెటర్నిటీ లీవులో ఉన్నారు, ఒకామెని ఐసీయూ వాళ్లు ఎప్పుడో లాక్కుపోయారు ఇంక తిరిగి పంపలేదు, అంటే నిజంగా ఉన్నది 15 మంది. రోస్టర్ వేసిన రెండో రోజుకే ఎవరో ఒకరు సిక్ అని ఫోన్ చేస్తారు, నేను ఇంకొకళ్లని బతిమాలి డబుల్ డ్యూటీ చేయిస్తా, తర్వాత ఆమె సిక్ అవుతుంది. నిన్నటిదాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన వాళ్లే ఇప్పుడు "నీకు పోస్ట్ వచ్చాక మారిపోయావ్" అంటున్నారు. పైన మేట్రన్ గారేమో "మీ వాళ్లకి డిసిప్లిన్ లేదు, నువ్వు గట్టిగా ఉండు" అంటారు. గట్టిగా ఉండటం అంటే ఏంటో నాకైతే అర్థం కావట్లేదు. ఎవరైనా ఇది దాటొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
అమ్మా, డిసిప్లిన్ సంగతి పక్కన పెట్టు, ముందు లెక్క చూద్దాం. 24 మంది పేషెంట్లు, మెడికల్ వార్డు కాబట్టి ఒక్కొక్కరికి రోజుకి 5 గంటల నర్సింగ్ పని అనుకో (మీ పేషెంట్లని బట్టి తగ్గొచ్చు పెరగొచ్చు, ఇది లెక్క కోసం తీసుకున్నది). మొత్తం 120 గంటలు. 8 గంటల షిఫ్ట్ అయితే రోజుకి 15 డ్యూటీలు, పొద్దున 6, మధ్యాహ్నం 5, రాత్రి 4 అన్నమాట. "15 డ్యూటీలు, 15 మంది ఉన్నారుగా" అని పైవాళ్లు అనుకునేది ఇక్కడే. ఒక నర్సు ఏడాదికి ఎన్ని రోజులు వస్తుంది? వారానికి ఒక ఆఫ్ అంటే 52 పోయాయి, అన్ని రకాల లీవులు, పండగ సెలవులు, ట్రైనింగులు కలిపి ఇంకో 45 అనుకుంటే మిగిలేవి 268 రోజులు. 365ని 268తో భాగిస్తే 1.36. అంటే 15 డ్యూటీలు రోజూ నిండాలంటే 21 మంది కావాలి. వారానికి రెండు ఆఫ్‌లు ఇచ్చే చోట 26 మంది కావాలి. ఇప్పుడు వెనక్కి లెక్కెయ్యి, నీ 15 మందితో రోజుకి సగటున వచ్చేది 11 మంది. పొద్దున 4, మధ్యాహ్నం 4, రాత్రి 3. రాత్రి ఒక్కో నర్సుకి 8 మంది పేషెంట్లు. సిక్ లీవు ఎవరూ అదనంగా పెట్టకపోయినా పరిస్థితి ఇది. నువ్వు ఎంత గట్టిగా ఉన్నా 11 మంది 15 మంది అవ్వరు కదా!

కొత్త ఇన్‌చార్జ్:
మేడమ్, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయా. రాత్రి ముగ్గురే ఉంటారు, నిజమే, అది మా వార్డులో మామూలైపోయింది, ఎవరూ దాన్ని కొరత అని కూడా అనరు.

నైట్ డ్యూటీ తమ్ముడు:
మామూలైపోవడమే డేంజర్ అక్కా. 2002లో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి టీం స్టడీ వచ్చింది, పెన్సిల్వేనియాలో 168 హాస్పిటల్స్‌లో సర్జరీ పేషెంట్ల మీద చేశారు, నర్సు మీద ఒక్కో పేషెంట్ పెరిగేకొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతూ పోయిందని తేలింది. అదే స్టడీలో నర్సుల బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) కూడా ఒక్కో పేషెంట్‌కి 23 శాతం పెరిగింది. కాలిఫోర్నియాలో అయితే 1999లో చట్టం చేసి 2004 నుంచి అమల్లో పెట్టారు, ఐసీయూలో ఇద్దరికి ఒక నర్సు, మెడికల్ సర్జికల్ వార్డులో ముందు ఆరుగురికి ఒకరు, 2005 నుంచి ఐదుగురికి ఒకరు. మీ 8 మందిని దానితో పోల్చుకోండి.
ఇక సిక్ లీవుల గురించి కింద ఉండేవాడిగా ఒక మాట. అడిగితే లీవు దొరకదు అని తెలిసినప్పుడే మనిషి సిక్ అవుతాడు. చెల్లి పెళ్లికి రెండు రోజుల లీవు ముందుగానే అడిగితే ఇవ్వరు, పొద్దున్నే ఫోన్ చేసి జ్వరం అంటే ఏం చేయలేరు, మరి ఎవరైనా ఏది ఎంచుకుంటారు? అందుకే రోస్టర్ ఒక వారానికి కాదు, కనీసం నాలుగు వారాలకి ముందే గోడ మీద పెట్టండి, రిక్వెస్టులు రాసుకోడానికి ఒక పుస్తకం పెట్టండి, మనిషికి నెలకి ఇన్ని రిక్వెస్టులు అని హద్దు పెట్టండి. సగం దొంగజ్వరాలు తగ్గుతాయి, నా మాట నమ్మండి.

హెచ్ఆర్ బల్ల అవతల:
నేను అడ్మిన్ సైడ్, కాబట్టి తిట్లకి రెడీగానే ఉన్నా. ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు అనే రేషియో ఒక్కటే పట్టుకుంటే సరిపోదండి. 24 మందిలో పదిమంది లేచి తిరిగేవాళ్లు, రేపు డిశ్చార్జ్ అయ్యేవాళ్లు కావచ్చు, ఇంకో వార్డులో అదే 24 మందిలో అందరూ ఆక్సిజన్ మీద ఉండొచ్చు. తల లెక్క చూపిస్తే మా బాస్ "పక్క వార్డు వాళ్లు చేయట్లేదా" అంటాడు. ప్రతి షిఫ్ట్‌లో పేషెంట్లని మూడు నాలుగు రకాలుగా విడదీసి రాసి పెట్టండి, ఎవరికి గంటగంటకి చూడాలి, ఎవరికి మంచం మీదే అన్నీ చేయాలి, ఎవరు సొంతంగా చేసుకోగలరు అని. ఒక నెల డేటా ఉంటే ఆ మాట అనలేరు.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఈ బాబు చెప్పింది కరెక్టే. కాకపోతే ఆ రాయడం కూడా నర్సు మీదే పడుతుంది, కాబట్టి ఒక్క పేజీ ఫారం పెట్టు, టిక్కులు పెట్టేలా ఉండాలి. పెద్ద పెద్ద ఫార్మాట్లు మొదలెడితే అవి షిఫ్ట్ చివర్లో అంచనాగా నింపేస్తారు, అలాంటి డేటా ఎందుకూ పనికిరాదు.

కొత్త ఇన్‌చార్జ్:
సరే లెక్క చేస్తా, కానీ మనుషులు రాత్రికి రాత్రి రారు కదా. ఉన్న 15 మందితో రోస్టర్ ఎలా వేయాలి? ఇప్పుడు ఒకామెకి మధ్యాహ్నం డ్యూటీ రాత్రి 9కి అయిపోతే మళ్లీ పొద్దున 7కి డ్యూటీ పడుతోంది, తప్పట్లేదు.

నైట్ డ్యూటీ తమ్ముడు:
అదొక్కటి ముందు ఆపేయండి అక్కా. 9కి అంటే హ్యాండోవర్ అయ్యి బయటపడేసరికి పది, ఇంటికెళ్లి పడుకునేది ఎప్పుడు. యూరప్ పని గంటల రూల్స్‌లో రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి అని ఉంది. రొటేషన్ కూడా పొద్దున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి, ఇలా ముందుకే తిప్పండి, వెనక్కి తిప్పితే నిద్ర అస్సలు కుదురుకోదు. డబుల్ డ్యూటీలు అయితే ఇంకా ఘోరం, అమెరికాలో 2004లో నర్సుల డైరీలతో చేసిన ఒక స్టడీలో పన్నెండున్నర గంటలు దాటి పనిచేసినప్పుడు తప్పుల ప్రమాదం మూడు రెట్లు అయిందని వచ్చింది. మీరు డబుల్ చేయించి ఒక ఖాళీ నింపారనుకుంటున్నారు, నిజానికి ఇంకో చోట గొయ్యి తవ్వుతున్నారు.

ఐసీయూ సిస్టర్:
నాది ఫ్లోటింగ్ గురించి, అంటే ఒక వార్డు నర్సుని ఇంకో వార్డుకి పంపడం. మీ వార్డు నుంచి ఐసీయూకి లాగారన్నారే, ఆమెని అడిగారా ఎలా ఉందో? వెంటిలేటర్ ఎప్పుడూ ముట్టని నర్సుని తెచ్చి "రెండు పేషెంట్లు తీసుకో" అనడం ఆమెకీ పేషెంట్‌కీ అన్యాయం. మేం ఇప్పుడు ఏం చేస్తున్నామంటే బయటి నుంచి వచ్చినవాళ్లకి సొంతంగా పేషెంట్ ఇవ్వం, మా వాళ్లలో ఒకరికి జతగా వేసి మందులు, పొజిషన్ మార్చడం, ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) లాంటివి చూడమంటాం. ఎవరు ఎప్పుడు ఫ్లోట్ అయ్యారో రిజిస్టర్ పెట్టండి, ఎప్పుడూ ఒకళ్లే వెళ్తుంటే ఆ ఒకళ్లే ముందు రిజైన్ చేస్తారు.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
"మారిపోయావ్" అన్న మాటకి కూడా చెప్తా, అది మనసుకి తీసుకోకు. ఒక చార్ట్ గీసి పెట్టు, ఎవరు ఎన్ని నైట్స్ చేశారు, ఎన్ని ఆదివారాలు చేశారు, ఎన్ని సార్లు ఫ్లోట్ అయ్యారు, అందరి పేర్లూ అందరికీ కనపడేలా. నీ పేరు కూడా రాయి. నీ ఫ్రెండ్‌కి నైట్స్ తక్కువ ఉన్నాయని చార్టే చెప్తే నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పనిలేదు, ఆ నెల ఆమెకి ఎక్కువ వేస్తావ్ అంతే. చనువు టీ టైంలో ఉండనీ, రోస్టర్ దగ్గర మాత్రం చార్టే మాట్లాడాలి.
కొత్తగా చేరిన పిల్లలున్నారా వార్డులో?

కొత్త ఇన్‌చార్జ్:
నలుగురు ఫ్రెషర్స్ ఉన్నారు మేడమ్. ఒకమ్మాయి మొన్న డోస్ తప్పు వేయబోయి ఆపుకుంది, ఎవరికీ చెప్పలేదు, వేరే వాళ్ల ద్వారా తెలిసింది. డ్యూటీ డాక్టర్ అంతకుముందు పేషెంట్ల ముందే ఆమెని అరిచారట, ఆ భయం.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఇది నీ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, నువ్వు చివర్లో రాశావ్! ఎమీ ఎడ్మండ్‌సన్ అని ఒకావిడ 90లలో హాస్పిటల్ టీముల్లో మందుల తప్పుల మీద పరిశోధన చేసింది. మంచి టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే రిపోర్టయిన తప్పులు అక్కడే ఎక్కువ కనిపించాయి, ఎందుకంటే అక్కడ చెప్పుకోడానికి భయం లేదు. మీ వార్డులో రిపోర్టులు సున్నా అంటే సంతోషించకు. ఆ అమ్మాయిని పిలిచి "ఎందుకు చెప్పలేదు" అనకు, "ఎక్కడ ఆపుకోగలిగావ్, ఏం చూసి అనుమానం వచ్చింది" అని అడుగు. బహుశా రెండు ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు గాజు సీసాలు) ఒకేలా కనిపిస్తుంటాయి, ట్రే మార్చాల్సొస్తుంది. డాక్టర్ సంగతి ఆయనతోనే విడిగా, ఆ రోజే, నువ్వే మాట్లాడాలి, ఆ అమ్మాయిని పంపకు.

ఐసీయూ సిస్టర్:
ఫ్రెషర్స్‌కి ఎస్‌బీఏఆర్ నేర్పండి, అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి హాస్పిటల్స్‌కి వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ ఏంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలని అడుగుతున్నా, ఈ వరసలో ఫోన్లో చెప్పడం. నసిగితే డాక్టర్లు అరుస్తారు, వరసగా చెప్తే చాలామంది వింటారు. అందరూ కాదు లెండి. ఇంకోటి, ఇద్దరు ఫ్రెషర్స్‌ని ఒకే నైట్‌లో వేయొద్దు, ముగ్గురిలో ఇద్దరు కొత్తవాళ్లయితే ఆ మూడో ఆమెకి 24 మంది పేషెంట్లు ఉన్నట్టే.

కొత్త ఇన్‌చార్జ్:
అప్‌డేట్ ఇస్తున్నా. లెక్క, పేషెంట్ల డేటా పట్టుకుని మేట్రన్ గారి దగ్గరికి వెళ్లా. శ్రద్ధగానే విన్నారు, కానీ కొత్త పోస్టులకి ఈ ఏడాది బడ్జెట్ లేదన్నారు.

హెచ్ఆర్ బల్ల అవతల:
ఆ జవాబు వస్తుందని తెలుసు. రెండోసారి వెళ్లేటప్పుడు "మనుషులు కావాలి" అని కాకుండా ఖర్చు చూపించండి. ఓవర్‌టైం ఎంత కట్టారు, ఏడాదిలో ఎంతమంది వెళ్లిపోయారు, ఒకరు వెళ్తే కొత్తవాళ్లని తీసుకుని నేర్పడానికి ఎన్ని నెలలు రెండు జీతాలు ఇస్తున్నారు. మా భాష అదే. దాంతోపాటు చిన్న కోరిక ఒకటి పెట్టండి. వారం పాటు నర్సులు చేసే నర్సింగ్ కాని పనులు రాయించండి, శాంపిల్స్ ల్యాబ్‌కి మోయడం, ఫార్మసీ చుట్టూ తిరగడం, స్టాక్ లెక్కలు, ఫోన్లు. రోజుకి 16 గంటలు తేలిందనుకోండి, అది ఇద్దరు నర్సుల డ్యూటీ. నర్సు పోస్ట్ శాంక్షన్ అవ్వడం కంటే వార్డ్ క్లర్కో అటెండెంటో రావడం తేలిక, ఆ సంతకం కింది స్థాయిలోనే అయిపోతుంది చాలాచోట్ల.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఐసీయూలో ఉన్న ఆమె విషయం కూడా అందులోనే రాయమ్మా. ఆమె జీతం నీ వార్డు లెక్కలో పడుతుంటే వెనక్కి పంపమను, లేదంటే ఆ పోస్ట్ ఐసీయూకి మార్చి నీకు ఖాళీ చూపించమను. మెటర్నిటీ లీవు ఇద్దరికీ బదులు తాత్కాలిక స్టాఫ్ అడుగు, దానికి కొత్త పోస్ట్ అక్కర్లేదు. ఇక రాత్రి ముగ్గురే మిగిలిన ప్రతిసారీ, ఆ రాత్రి ఏ పని చేయలేకపోయారో సహా, తేదీ వేసి రాతపూర్వకంగా పైకి పంపి కాపీ దాచుకో. ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

కొత్త ఇన్‌చార్జ్:
ఐసీయూ పోస్ట్ సంగతి నాకు తట్టనే లేదు మేడమ్! సోమవారం మీటింగ్ ఉంది, నర్సింగ్ కాని పనుల ఫారం ఇవాళ మధ్యాహ్నం షిఫ్ట్ నుంచే మొదలెడుతున్నా. ఎవరి దగ్గరైనా రెడీగా ఒక నమూనా ఉంటే ఇక్కడ పెట్టగలరా, ఒక పేజీలో పట్టేది.