ఉచిత లినక్స్ సీడీలు పంచినవాళ్లు తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా ఉన్నారా?

చంద్రగిరి కోట:
మా ఊరి హైస్కూల్లో ఎనిమిది పాత కంప్యూటర్లు మూలన పడున్నాయి. అన్నిట్లో పాత విండోస్ ఎక్స్‌పీ, దానినిండా వైరస్. ర్యామ్ ఒక జీబీ. నెట్ లేదు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వవు, అంటే దానితో లేవవు. విండోస్ బదులు వాడే లినక్స్ సీడీలు రాసి ల్యాబ్‌లో వేసి, ఇంట్లో పాత సిస్టమ్ ఉన్న పిల్లలకు కూడా తలా ఒకటి ఇద్దామని నేనూ సైన్స్ సారూ అనుకుంటున్నాం. ఒకప్పుడు ఇలా పంచినవాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పండి.

పుత్తూరు కట్టు:
పాత రోజులు గుర్తుచేశావు తమ్ముడూ. 2006లో తిరుపతిలో హాస్టల్లో ఉండేవాణ్ణి. ఉబుంటు అనే లినక్స్ రకం తయారుచేసేవాళ్లు షిప్‌ఇట్ అని నడిపేవాళ్లు. పేరు, అడ్రసు ఇస్తే చాలు, సీడీలు ఇంటికి వచ్చేవి. పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. 2004లో మొదటి వెర్షన్‌తో మొదలుపెట్టి 2011 ఏప్రిల్‌లో ఆపేశారు. నేను పది అడిగాను, అడిగిన సంగతి మర్చిపోయాక వచ్చాయి. ఫారిన్ నుంచి ఏదో పార్సిల్ వచ్చిందని హాస్టల్ మొత్తం నా రూముకు దిగింది. కవర్లో ఉన్న స్టిక్కర్లు ఆ సాయంత్రమే అయిపోయాయి. సీడీలు పంచడానికి మాత్రం నెల పట్టింది, అందులో రెండు టీ గ్లాసుల కింద కనపడ్డాయి.

అది 6.06 వెర్షన్. సీడీ పెట్టి ఆన్ చేస్తే హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా నడిచేది, నచ్చితే అక్కణ్ణుంచే ఎక్కించుకోవచ్చు. అంతకుముందు ఆ రెండు పనులకీ రెండు సీడీలు ఉండేవి. నా అనుభవంలో సీడీ చేతికిచ్చి వచ్చేస్తే ఎవరూ పెట్టి చూడలేదు. పక్కన కూర్చుని బూట్ చేసి చూపించిన నలుగురు మాత్రం వాడారు.

కట్టమంచి కుర్రోడు:
మీకు పోస్టులో వచ్చాయన్నా, మేం చిత్తూరులో రాత్రుళ్లు మేలుకుని దించుకున్నాం. 256 కేబీపీఎస్ లైను, రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది వరకే ఫ్రీ. సెకనుకు 32 కేబీ చొప్పున 700 ఎంబీ దిగడానికి ఆరుంబావు గంటలు. ఫ్రీ టైము ఆరు గంటలే! ఆ పావుగంట కోసం ఇంకో రాత్రి కాచుకోవాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ఆగినచోటి నుంచి దించొచ్చని ఆ తర్వాత తెలిసింది.

ఇంత కష్టపడి దించి, ఆ ఐఎస్ఓ ఫైలును (సీడీ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) మామూలు ఫైల్లాగా సీడీలో వేశాను. బూట్ అవ్వదు కదా. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చిన లాటులో ఏడు సీడీలు పోయాక ఒక సీనియర్ చెప్పాడు, "బర్న్ ఇమేజ్ అని వేరే ఉంటుంది రా" అని. నువ్వు అది నొక్కు. స్పీడు తగ్గించి రాయి. రాసేముందు చెక్‌సమ్ (ఫైలు పాడవకుండా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిపోయిందో లేదో చూసుకో.

గాంధీరోడ్డు షాపు:
మాది సర్వీస్ సెంటర్. ఒకాయన సిస్టమ్‌లో లినక్స్ వేసి పంపా, సాయంత్రానికి మోసుకొచ్చేశాడు. అన్నమయ్య కీర్తనల ఎంపీ3 సీడీ పాడట్లేదంట. పేటెంట్ల గొడవ వల్ల అప్పట్లో ఎంపీ3కి కావాల్సింది విడిగా నెట్ నుంచి వేసుకోవాలి. ఆయనకి నెట్ లేదు. నేను పేటెంట్ అంటాను, ఆయన వెంకన్న పాటకి పేటెంటేంది సామీ అంటాడు. చివరికి ఎక్స్‌పీనే వేసిచ్చా. ఆ పేటెంట్లు 2017లో తీరిపోయాయిలే, ఇప్పుడు ఆ బాధ లేదు.

మదనపల్లె టమాటా:
అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. స్కూల్లో ఇలా కాపీలు కొట్టి పంచితే పైరసీ కింద రాదా?

పుత్తూరు కట్టు:
రాదు. లినక్స్ కెర్నల్‌ది, అంటే దాని గుండెకాయది, జీపీఎల్ అనే లైసెన్స్. ఎన్ని కాపీలైనా చేసుకో, ఊరికే ఇవ్వు, కావాలంటే డబ్బుకు అమ్ముకో. తీసుకున్నవాళ్లకు సోర్స్ కోడ్ దొరికే దారి ఉండాలి, వాళ్లు ఇంకొకరికి ఇస్తుంటే నువ్వు అడ్డు చెప్పకూడదు. మా హాస్టల్లో అర్ధరూపాయి లాభం పెట్టుకుని అమ్మినవాడు కూడా ఉన్నాడు.

ల్యాబ్ అక్క:
అందరూ పాత ముచ్చట్లలో పడ్డారు, ఆ అబ్బాయి పని చూద్దాం. బాబూ, ఉబుంటు జోలికి పోకు. 12.10 నుంచే అది 700 ఎంబీ సీడీలో పట్టడం లేదు, 24.04 అయితే మామూలు డీవీడీలో కూడా పట్టదు. డెబియన్ అని ఇంకో లినక్స్ ఉంది, దాని చిన్న సీడీ నెట్‌ఇన్‌స్ట్ అయితే మిగతాదంతా నెట్ నుంచే లాగుతుంది, మీకు పనికిరాదు.

పప్పీ లినక్స్ అని చిన్న రకం ఉంది, అందులో పాత కంప్యూటర్లకు సరిపోయే 32 బిట్‌ది తీసుకో. సీడీలో హాయిగా పడుతుంది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది. ఎక్కాక సీడీ తీసి పక్క సిస్టమ్‌లో పెట్టొచ్చు. ఒక్క సీడీతో ఎనిమిదీ లేపొచ్చన్నమాట! పని దాచుకోవడానికి హార్డ్‌డిస్క్‌లో సేవ్ ఫైలు చేసుకోండి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే లోహిత్ తెలుగు ఫాంట్ వేసుకోవాలి, ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. ఆ సిస్టమ్‌లు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వకపోయినా, లేచాక దాన్ని చదువుతాయి.

పిల్లలకు సీడీ ఇచ్చేటప్పుడు బయోస్‌లో (ఆన్ చెయ్యగానే తెరుచుకునే సెట్టింగుల్లో) సీడీని ముందుకు తేవడం ఎలాగో కాగితం మీద రాసి పెట్టు. అది లేకపోతే సీడీ పెడతారు, ఎక్స్‌పీ లేస్తుంది, నీది పనిచెయ్యలేదంటారు.

చంద్రగిరి కోట:
అక్కా, థ్యాంక్స్. నిన్న కూర్చున్నాం. మూడు డ్రైవులు తెరుచుకోలేదు, ముందున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి లాగాం. ఒకదాంట్లో ఎవరో పెట్టి మర్చిపోయిన పెళ్లి వీడియో సీడీ ఉంది, ఎవరిదో కనుక్కోవాలి. ఏడు సిస్టమ్‌లు లేచాయి. ఎనిమిదోదానికి బోర్డు మీది బ్యాటరీ పోయింది, ఆఫ్ చేసిన ప్రతిసారీ బయోస్ మొదటికొస్తోంది. గాంధీరోడ్డు అన్నా, ఆ సీఆర్ 2032 బ్యాటరీ మీ దగ్గర దొరుకుతుందా? శనివారం తిరుపతి వస్తాను.

గాంధీరోడ్డు షాపు:
ఉంది. మధ్యాహ్నం రెండు లోపల రా, ఆ తర్వాత షట్టర్ దించేస్తా.