టేబుల్ మీదకు రాగానే చీజ్ ఫాండ్యూ విరిగిపోతోంది, ఏం చేయాలి?

శనివారం మా పెళ్లిరోజు. ఆ రాత్రి ఇంట్లోనే మా ఇద్దరికీ చీజ్ ఫాండ్యూ (వైన్‌లో కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే వంటకం) చేయాలని ఉంది. ఇప్పటికి మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ ఒకటే తంటా.

గ్రుయేర్ చీజ్ 200 గ్రాములు, ఎమెంటాల్ చీజ్ 200 గ్రాములు తురిమి, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ పట్టిస్తున్నాను. వెల్లుల్లి రుద్దిన గిన్నెలో 200 మి.లీ. డ్రై వైట్ వైన్ వేడిచేసి, సన్నని సెగ మీద చీజ్ గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలుపుతున్నాను. పొయ్యి మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, గరిటె ఎత్తితే నున్నగా తీగలా జారుతుంది. టేబుల్ మీద స్పిరిట్ బర్నర్‌పై పెట్టిన పది పదిహేను నిమిషాలకే పైన పసుపు నూనె తేలి, అడుగున చీజ్ ముద్దకడుతోంది. బ్రెడ్ ముక్క ముంచితే ఆ ముద్దలో ఇరుక్కుని ఫోర్క్ నుంచి ఊడిపోతోంది.

రెండోసారి ఒక చెంచా నిమ్మరసం కలిపాను. మూడోసారి కార్న్‌ఫ్లోర్ రెండు స్పూన్లు చేసి, బర్నర్ మంట బాగా తగ్గించాను. నూనె కాస్త తగ్గింది కానీ చీజ్ గట్టిపడింది. తురిమి అమ్మే చీజ్ కాదు, దిమ్మె కొని నేనే తురిమాను. గిన్నె మాత్రం పలుచని స్టీలుది, నా అనుమానం దాని మీదే.

కబుర్లు చెప్పుకుంటూ తినాలంటే కనీసం 40 నిమిషాలు నిలవాలి. అంతసేపు విరగకుండా ఉండాలంటే మందపాటి గిన్నెకు మారాలా, లేక వైన్, చీజ్ పాళ్లు మార్చాలా?