రొయ్యల గుంట గట్టు మీద జీపు: కింద రేకు, ముందు విన్చ్ సొంతంగా చేయించుకోవచ్చా?

మైపాడు గుంటలు:

అన్నలకు నమస్తే. మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు దగ్గర. నాలుగు రొయ్యల గుంటలున్నాయి. బండి పాత మహీంద్రా ఎంఎం 540, ఫోర్ వీల్ బాగానే పనిచేస్తుంది. మేత బస్తాలు, జనరేటర్‌కి డీజిలు, అన్నీ దాంట్లోనే.

పోయిన నవంబర్ వానల్లో ఒక రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిలు గంటకు మించి లేదు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి ఏమవుతుందో రొయ్యలు వేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు క్యాన్లు వేసుకుని గట్టెక్కాను. మూడో గుంట మలుపులో ఎడమ చక్రాలు బంకమన్నులో జారి, బండి తూము దిమ్మె మీద కూర్చుంది. ఆయిల్ ఛాంబర్ పగిలి ఆయిలంతా కారిపోయింది. క్యాన్లు భుజాన వేసుకుని పరిగెత్తాం, రొయ్యలు దక్కాయి. తెల్లారి ట్రాక్టర్‌కి నైలాన్ తాడు కట్టి లాగుతుంటే తాడు తెగి మా బావమరిది ముంజేతికి కొట్టింది. ఎముక విరగలేదు గానీ నెలరోజులు ఆ చేత్తో ముద్ద కలపలేకపోయాడు. అప్పటినుంచి ఆకాశం మూసుకుంటే చాలు, నాకు టెన్షన్.

ఛాంబర్ కింద రేకు ఎంత మందం వేయించాలి? మా వెల్డర్ లారీ సెల్ఫ్ మోటారు, పాత గేరుపెట్టె పెట్టి, తాడును డ్రమ్ముకి చుట్టి బండిని లాగే విన్చ్ తయారు చేస్తానంటున్నాడు, ముందర పెద్ద గార్డు కూడా కడతానంటున్నాడు. చేయించనా? ఇంకోటి, మా గట్ల మీద చెట్టనేదే లేదు. తాడు దేనికి కట్టాలి?

చీమకుర్తి ఫిట్టర్:

తమ్ముడూ, క్వారీలో ఇరవై రెండేళ్లుగా ఇనుప తాళ్లతోనే నా పని. రేకు చేయించుకో. విన్చ్ మాత్రం చేయించొద్దు. రేకులో తప్పుంటే రేకు వంగుతుంది, అంతే. తాడు దగ్గర తప్పుంటే మనిషే పోతాడు, మీ ఇంట్లో చూశావు కదా.

రేకుకి 4 ఎంఎం మందం ఎంఎస్ షీటు, అంటే మామూలు ఇనుప రేకు చాలు. మూడడుగులు బై రెండడుగుల ముక్క 17.5 కిలోలు తూగుతుంది. ఇంకా గట్టిగా ఉండాలని 6 ఎంఎం వేయిస్తే 26 కిలోలు, ముందు కమాన్ కట్టలకి ఊరికే బరువు. బుడిపెలుండే చెకర్ ప్లేటు తీసుకోకు. నున్నటిదైతే దిమ్మె మీద జారిపోతుంది. ముందు అంచు పైకి వంచించు, లేకపోతే పారలాగా మన్నులో దిగుతుంది. ఛాంబర్‌కీ రేకుకీ మధ్య అంగుళం పైనే ఖాళీ ఉండాలి. బోల్టులు ఛాసిస్‌కే వెయ్యి, ఇంజిన్‌కి వద్దు. ఇంజిన్ రబ్బర్ల మీద ఊగుతుంటుంది, రేకు దాన్ని పట్టేస్తే మౌంటింగులు పోతాయి. ఛాసిస్ మీద వెల్డింగ్ పెట్టనివ్వకు. ఆయిల్ దించే నట్టు ఎదురుగా ఒక రంధ్రం, వెనక వైపు బురద కారిపోవడానికి రెండు గాడులు కోయించు. మీది ఉప్పునీళ్ల చోటు కాబట్టి కోతలు, రంధ్రాలు అన్నీ అయ్యాకే జింకు పూత వేయించు. అల్యూమినియం తేలికని ఎవరైనా అంటే వినకు, ఉప్పు తడిలో ఇనుప బోల్టు తగిలిన చోటల్లా అది తినేస్తుంది.

ఇక సెల్ఫ్ మోటారు. అది కొన్ని సెకన్లు తిరగడానికి చేసింది. బురదలోంచి బండి రావడానికి నిమిషాలు పడుతుంది, వైండింగ్ కాలిపోతుంది. పైగా మామూలు పళ్ల గేరైతే కరెంటు ఆగగానే బండి బరువే డ్రమ్మును వెనక్కి తిప్పుతుంది. ఆపడానికి బ్రేకేదీ?

హ్యాండిల్ చేత్తో ఊపితే ఇనుప తాడును లాగే టిర్ఫోర్ కొను, 1.6 టన్నులది. చక్రం సగం దిగబడితే దాదాపు బండి బరువంత లాగాలి. నీ జీపు, మేత కలిపి రెండు టన్నులనుకో. తాడును అవతల గిలకలో తిప్పి మళ్లీ బండికే కట్టితే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, సరిపోతుంది. అయితే గిలక కట్టిన చోట కూడా అంత భారం పడుతుంది. బరువు మించితే టిర్ఫోర్ హ్యాండిల్‌లో షియర్ పిన్ను తెగుతుంది, అది నిన్ను కాపాడటానికే తెగుతుంది. దాని బదులు మేకు దూర్చి లాగినవాళ్లను చూశాను. నువ్వలా చెయ్యకు. తాడు మీద తడి గోనెసంచి వేసి, ఎవ్వరినీ తాడు వరసలో నిలబడనివ్వకు.

కనిగిరి మాజీ సైనికుడు:

ఫిట్టర్ గారి మాటే నా మాట. ముందర గార్డు వద్దు బాబూ, 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ అవి తీయించమని రాష్ట్రాలకు రాసింది.

చెట్టు లేని చోట మేం ఇనుప గూటాలు 3-2-1 వరసల్లో కొట్టేవాళ్లం. ముందు మూడు, వాటి వెనక రెండు, ఆ వెనక ఒకటి, ముందువాటి తలల నుంచి వెనకవాటి మొదళ్లకి తాళ్లు బిగించి. గట్టి నేలలో బాగా ఆగుతాయి. లేదంటే ఐదడుగుల సర్వి దుంగను మూడడుగుల లోతులో అడ్డంగా పూడ్చి, దాని నడుముకి కట్టాలి.

మైపాడు గుంటలు:

అన్నా, సార్, చాలా థ్యాంక్స్. రేకు మీరు చెప్పినట్టే 4 ఎంఎం కోయించాను, జింకు పూతకిచ్చాను. వెల్డర్‌కి కొంచెం కష్టమనిపించింది గానీ విన్చ్ వద్దని చెప్పేశాను. గూటాలు మాత్రం మా బంకమన్నులో వానకి మెత్తబడి ఊడొస్తున్నాయి, ట్రాక్టర్‌తో లాగి చూశాం. వానాకాలంలో గట్టు తవ్వితే గుంట తెగుతుందని భయం.

చీమకుర్తి ఫిట్టర్:

వానల్లో ఎందుకు తవ్వుతావు? పంట పట్టేసి గుంట ఎండబెట్టినప్పుడు, గట్లు కలిసే మూలలో, వెడల్పున్న చోట పూడ్చు. మా దగ్గర పనికిరాని గ్రానైట్ దిమ్మెలు గుట్టలుగా ఉంటాయి, దుంగ బదులు అదొకటి పూడ్చు. అర ఘనమీటరు రాయి 1.4 టన్నుల పైనే. ఊరికే పైన పెడితే బురదలో జారుతుంది, నిండా పూడ్చి మన్నుని దిమ్మిసతో కొట్టించాలి. రాయి చుట్టూ ఇనుప తాడు కాదు, లావు గొలుసు వెయ్యి. తాడైతే మట్టిలో లోపలి తీగలు తుప్పుపట్టినా నీకు కనపడదు. ఏటా వానలకి ముందు జానెడు లోతు తవ్వి గొలుసు చూసుకో. లింకు అరిగినట్టుంటే మార్చెయ్యి. గొలుసు చివర రెండు లింకులు మాత్రం బయటకి వదిలి వాటికి తెల్ల రంగు వెయ్యి. రాత్రి వానలో టార్చి వేస్తే దొరకాలి.