అప్‌డేట్: అటక మీది స్కీ బూట్లు

అన్నయ్య అమెరికా నుంచి తెచ్చి విజయవాడ ఇంటి అటక మీద పెట్టిన పాత స్కీ బూట్లు కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో మంచు మీద స్కీయింగ్‌కు పనికివస్తాయా అని అడిగాను కదా. పనికిరావు. పైకి నిగనిగలాడుతున్నాయి కానీ, బకిల్ బిగించగానే మడమ దగ్గర పెంకు పటుక్కున చిట్లింది. మీలో ఒకరు చెప్పినట్టే, ఆ పెంకు ప్లాస్టిక్‌ను, అంటే పాలీయురేథేన్‌ను, గాలిలోని తేమ లోలోపలే తినేస్తుంది; తొడగకుండా దాచినా ఆగదు. కృష్ణ ఒడ్డు ఉక్కపోత సంగతి చెప్పాలా! వాలు మీద దిగుతుండగా చిట్లి ఉంటే నా గతి ఏమిటో. లోపలి మెత్తటి లైనర్ మాత్రం భేషుగ్గా ఉంది, అమ్మ దాన్ని పారేయనివ్వడం లేదు. కొత్తవి ఇప్పుడే కొనను, గుల్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు మునివేళ్ల దగ్గర, మడమ దగ్గర అడుగు భాగం తిప్పి చూస్తాను. అక్కడ బాగా అరిగితే, పడినప్పుడు బూటును స్కీ పలకకు పట్టి ఉంచే బైండింగ్ కాలిని సరిగా వదలదు.