‘స్ప్లైసింగ్’కి తెలుగులో ఏమందాం?

కావలి నుంచి ప్రశ్న: జన్యువు నుంచి వచ్చిన ఆర్ఎన్ఏ నకలులో ఇంట్రాన్లనే నడిమి ముక్కలు తీసేసి, ఎక్సాన్లనే మిగతా ముక్కల్ని కలపడం స్ప్లైసింగ్; వాటినే రకరకాలుగా కలపడం ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్. డిగ్రీ పిల్లల జన్యుశాస్త్రం నోట్సులో స్ప్లైసింగ్‌కి ‘కత్తిరింపు’, ఇంట్రాన్‌కి ‘వ్యర్థభాగం’, ఆల్టర్నేటివ్ స్ప్లైసింగ్‌కి ‘ప్రత్యామ్నాయ కత్తిరింపు’ అని ఉన్నాయి. మూడూ చెవికి ఎబ్బెట్టుగానే ఉన్నాయి. ఏం మార్చబళ్లా?

నెల్లూరు: అన్నా, ‘కత్తిరింపు’ సగం మాటే. స్ప్లైస్ అనేది ఓడవాళ్ల మాట, డచ్చి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. రెండు తాళ్ల కొసల్లో పురులు విప్పి, ఒకదాని పురి కింద ఇంకోదాని పురి దూర్చి, ముడి లేకుండా ఒకే తాడు చెయ్యడం. మన రేవుల్లో వలతాళ్లు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నారతాడుకి మూడుసార్లు దూరిస్తే చాలు, నైలాను జారుతుంది గనక అయిదుసార్లు. అంటే ఆ మాటకి అసలు అర్థమే కలపడం.

కణంలోనూ అంతే. ఆర్ఎన్ఏ అంటే ఏ, జీ, సీ, యూ అనే నాలుగు రసాయన అక్షరాల వరస. అందులో ఇంట్రాన్ జీ-యూ అక్షరాలతో మొదలై ఏ-జీతో ముగుస్తుంది (డీఎన్ఏలో చూస్తే జీ-టీ). చివరి కొసకి 18-40 అక్షరాల ముందు ఒక ‘ఏ’ ఉంటుంది. మొదట ఎడమ కొస తెగి, ఆ ‘ఏ’కి తగులుకుని ఉచ్చులా తయారవుతుంది. తర్వాత, విడిపడ్డ ఎక్సాన్ కొస వచ్చి కుడి కొస మీద పడుతుంది. ఆ ఒక్క దెబ్బకే ఇంట్రాన్ తెగిపోతుంది, రెండు ఎక్సాన్లూ కలుస్తాయి. తెగడం, కలవడం వేర్వేరు పనులు కానప్పుడు ‘కత్తిరింపు’ ఎట్టా సరిపోద్ది? ‘కోతకూర్పు’ అనండి.

కందుకూరు: కోత అంటే ఇక్కడ వరికోతే గుర్తొస్తుంది. ‘అతుకు’ అంటే?

నెల్లూరు: అతుకు కనపడుతుందక్కా, బొంతకి వేసినట్టు. ఇక్కడ అతుకు ఆనవాలే మిగలదు. ఒక్క అక్షరం అటో ఇటో అయితే మొత్తం పోతుంది. మూడేసి అక్షరాలుగా చదివే భాష కదా: ‘పలక కలప వరద’లో ఒక్క ‘క’ తీసేసి చూడండి. ‘పలక లపవ రద’. అక్కణ్ణుంచి అంతా అయోమయమే.

ఒంగోలు: ‘వ్యర్థభాగం’ తప్పకుండా తీసెయ్యండి, అది పిల్లల బుర్రలో తప్పు నాటుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో ఇంట్రాన్లు రెండే. మొదటిది 130 అక్షరాలు. అందులో అయిదో అక్షరం జీ పోయి సీ వస్తే కొస గుర్తు బలహీనపడి, పక్కనున్న దొంగగుర్తుల దగ్గర తెగుతుంది, సరైన గ్లోబిన్ తగ్గిపోతుంది. మన దేశంలో బీటా థలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తహీనతకి ఎక్కువగా కనపడే మార్పు ఇదే. బిడ్డకి నెలనెలా రక్తం ఎక్కించాల్సి వచ్చేంత పని చేసే అక్షరాన్ని వ్యర్థం అనగలమా?

ఎక్సాన్‌ని ‘సంకేతభాగం’ అనడమూ పొరపాటే. ప్రోటీనుగా చదవని మొదటి, చివరి భాగాలు కూడా ఎక్సాన్లలోనే ఉంటాయి. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ గిల్బర్ట్ 1978లో పెట్టిన ఆ రెండు పేర్లనీ అట్టాగే ఉంచడం మేలు.

కందుకూరు: వ్యాకరణంలో దీనికి పోలిక ఉంది. మధ్యమపదలోపి సమాసం. శాకప్రియుడైన పార్థివుడు ‘శాకపార్థివుడు’ అయినప్పుడు నడుమ పదం పోయి అటూ ఇటూ కలిశాయి. తెలుగు పిల్లలకి ఇది పట్టుకుంటుంది.

నెల్లూరు: భలే పోలిక. ‘ప్రత్యామ్నాయం’ కుదరకపోవడానికి కారణమూ అందులోనే దొరుకుతుంది. ప్రత్యామ్నాయం అంటే ఒకటి కుదరనప్పుడు ఇంకోటి. ఇక్కడ అన్నీ అసలువే. ‘మల్లె-పూల-దండ’ మూడు ఎక్సాన్లనుకోండి. ఒక కణం మల్లెపూలదండ కడుతుంది, ఇంకోటి మల్లెదండ, మరోటి పూలదండ. ‘దండపూల’ మాత్రం మామూలుగా రాదు, వరస మారదు. పండ్ల ఈగలో (డ్రోసోఫిలా) డీస్కామ్ అనే జన్యువుకి నాలుగు చోట్ల ఎంపిక ఉంది: 12, 48, 33, 2. గుణిస్తే 38,016 రూపాలు. ‘మారుకూర్పు’ అంటే సరిగ్గా సరిపోద్ది.

ఒంగోలు: ప్రాక్టికల్ పేజీలో ఇదీ చేర్చండి. రొయ్య ఆర్ఎన్ఏ నుంచి సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏని చూసి చేసిన డీఎన్ఏ నకలు) చేసి, పీసీఆర్ (ఒక డీఎన్ఏ ముక్కకి లక్షల నకళ్లు తీసే పద్ధతి) పెట్టినప్పుడు జెల్ మీద రెండు గీతలు పడితే వెంటనే ‘మారుకూర్పు’ అని రాసెయ్యకూడదు. ప్రైమర్ల (నకలు మొదలయ్యే చోట అంటుకునే చిన్న డీఎన్ఏ ముక్కల) నడుమ 150 అక్షరాల ఎక్సాన్ భాగం, 400 అక్షరాల ఇంట్రాన్ ఉంటే, 550 దగ్గర పడ్డ గీత డీఎన్ఏ కల్తీ కావచ్చు. ఆర్ఎన్ఏని, డీఎన్ఏని ముక్కలు చేసే డీఎన్ఏజ్‌తో శుభ్రం చెయ్యాలి, సీడీఎన్ఏ తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వెయ్యని గొట్టం ఒకటి పక్కన నడపాలి. అందులోనూ 550 వస్తే అది కల్తీనే.

కావలి: కోతకూర్పు, మారుకూర్పు, ఇంట్రాన్, ఎక్సాన్. నోట్సులో ఇవే పెడుతున్నా. శాకపార్థివుడు మొదటి పేజీలోకి.